దాహపురం ఎవరిది

ఆదివారం పొద్దున వసారాలో పాత చీర పరిచి, ఏడాది కారానికని తెచ్చిన పది కిలోల మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. మా సత్తెనపల్లిలో తొడిమ తీసిన కాయ కావలసినంత దొరుకుతుంది. కూలికి తీసిపెట్టే మనుషులూ ఉన్నారు. "పరాయి చేతులు పడితే కారం రంగు తగ్గుతుంది" అని మా అత్తగారు నేను కాపురానికొచ్చిన మొదటి ఏడాదే తేల్చేశారు. అప్పట్నుంచీ పందొమ్మిదేళ్ళుగా ఆ పని నాదే.

మా ఆయన శశిభూషణ్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"మీ గుంటూరు హాస్టల్లో ఫెబా అని ఒకమ్మాయి ఉండేదనేదానివి కదూ? దర్శి వైపు పిల్ల. నవల రాసిందట."

నా చేతులు ఆగాయి.

"పేరు 'దాహపురం'. ఎడారిలో ఒక మహానగరం, దాని చుట్టూ చట్టం అంటూ లేని బీడు. వందేళ్ళ తర్వాతి కథట. ఇప్పుడు ఒంగోలులో హైస్కూలు టీచరట. చూడు, అరపేజీ రాశారు. ఫోటో కూడా వేశారు."

పేపరు నా వైపు తిప్పాడు. జుట్టు ముందు నెరిసింది కానీ మనిషి అదే. పై పెదవి మీద అదే పుట్టుమచ్చ. పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని నవ్వుతోంది. కారం చేతులతో పేపరు పట్టుకోలేక మెడ చాచి చదివాను. ఒళ్ళంతా సెగ పాకినట్టయింది. అది సంతోషం కాదని నాకు అప్పుడే తెలుసు.

"బాగుంది" అన్నాను.

దాహపురం నాకు తెలిసిన ఊరు. ఇరవై రెండేళ్ళ క్రితం హాస్టల్‌కి రోజు విడిచి రోజు నీళ్ళ ట్యాంకర్ వచ్చేది. బకెట్లు వరసలో పెట్టి ఫెబా, నేనూ గంటలకొద్దీ కూర్చునేవాళ్ళం. ఒక మే నెల మధ్యాహ్నం నేనే అన్నాను, ఇలాగే ఎండలు ముదిరితే వందేళ్ళకి మీ దర్శి నుంచి మా సత్తెనపల్లి దాకా ఈ నల్లరేగడంతా ఇసుక అయిపోతుందేమోనే అని. పత్తి ఉండదు, మిరప ఉండదు. ఆ ఇసుక మధ్యలో ఒకే ఒక నగరం ఉంటుంది. ఏడు చుట్లుగా కట్టిన నగరం, ఆకాశమంత ఎత్తు మేడలు, మొత్తం ఊరంతటికీ గాజు కప్పు. లోపల ఎప్పుడూ మాఘమాసపు చలి. ఏ ఇంట్లోనూ వంటగది ఉండదు, ఏ ఆడదీ అంట్లు తోమదు. గోడలో మీట నొక్కితే పళ్ళెం వస్తుంది. ఆ ఊరికి దాహపురం అని పేరు పెట్టింది కూడా నేనే. రెండేళ్ళు ఆ ఊళ్ళోనే బతికాం ఇద్దరం. నా లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో వీధులు గీశాను. తర్వాత పెళ్ళి, ఈ ఇల్లు. నోటుబుక్కు ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు.

వారం రోజులు నేను మామూలుగానే ఉన్నానని అందరూ అనుకున్నారు. మామూలుగానే నాలుగు టిఫిన్లు చేశాను, మామూలుగానే స్కూలుకెళ్ళి ఆరు పీరియడ్లు పాఠం చెప్పాను. లోపల మాత్రం ఫెబా ఫోటో తిరుగుతూనే ఉంది. ఆవిడకేం, గవర్నమెంటు ఉద్యోగం. ఆవిడకేం, అత్తగారు ఉండి ఉండదు. అసలు పెళ్ళే చేసుకుని ఉండదు. తీరిక ఉంటే ఎవరైనా రాస్తారు. గిన్నెలు తోముతూ ఇవే మాటలు మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. పిండి రుబ్బుతూ ఆ పుస్తకం బాగుండకూడదని కోరుకున్నాను. పచ్చిగా చెప్పాలంటే ఎవరూ కొనకూడదని కూడా కోరుకున్నాను.

శశిభూషణ్ పుస్తకం తెప్పించాడు. ఆయన జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరరు, మా ఊరి సాహితీ సంఘానికి కార్యదర్శి. ఆయన వ్యాసాలన్నీ నేనే టైపు చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. ఆయన చదివి బల్ల మీద పెట్టిన 'దాహపురం' రెండు రోజుల్లో పూర్తి చేశాను. స్టాఫ్‌రూములో కొంత, పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర కొంత.

పుస్తకం బాగుంది. ఎంత బాగుందంటే, చివరి వంద పేజీలు నేను తొట్టి గట్టు మీద కూర్చుని చదువుతుంటే మోటారు కట్టెయ్యడం మరిచిపోయి, నీళ్ళు పొర్లి చెప్పులు తడిసిపోయాయి. నగరం లోపల ఏముందో ఫెబా పెద్దగా రాయలేదు. కథంతా బయటే, బీడులో. అక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు. ఎవరి చేతిలో నీళ్ళ డబ్బా ఉంటే వాళ్ళదే మాట. దోపిడీ ముఠాలు, ఇసుకలో కూరుకుపోయిన పాత జిన్నింగ్ మిల్లులు, వాటిలో కాపురాలు. మార్త అనే ఆవిడ ఆ బీడులోంచి ప్రతి తెల్లవారుజామున నాలుగొందల మంది ఆడవాళ్ళని నగరం గోడ దాకా క్షేమంగా నడిపిస్తుంది. వాళ్ళ పని గాజు కప్పు మీద రాత్రి పేరుకున్న ఇసుకని తుడవడం. పొద్దువాలేలోగా వాళ్ళు బయటికి వచ్చేయాలి. ఒకనాడు ముఠా దాడిలో పదిమంది చనిపోతారు. నగరం వాళ్ళు శవాలను లోపలికి రానివ్వరు. మర్నాటి నుంచి ఎవరూ తుడవడానికి వెళ్ళరు. పదకొండు రోజులకి కప్పంతా ఇసుక కమ్మి నగరం చీకటైపోతుంది, ఎండతో నడిచే నీళ్ళ యంత్రాలు ఆగిపోతాయి. లోపలివాళ్ళు దాహంతో, భయంతో బీడులోకి వస్తారు. వాళ్ళకి నీళ్ళివ్వాలా వద్దా అని మార్త మనుషులు తేల్చుకోవాలి.

పుస్తకం మూసి నేను ఏడ్చాను. మార్త కోసం కాదు. ఇది నేను రాయలేదే అని.

ఆ నెల సాహితీ సమావేశం ఎప్పటిలాగే మా హాల్లో జరిగింది. ముప్పై మందికి ఉప్మా, రెండు విడతలు కాఫీ. నేను ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి శశిభూషణ్ దాహపురం గురించి మాట్లాడుతున్నాడు.

"ఊహాశక్తి అంటే అది! మన ఆడవాళ్ళు వంటింటి కష్టాలు దాటి రాయరంటాం కదా. ఈవిడ ఒక నగరాన్నే కట్టింది. ఇంతటి ఊహ మన జిల్లాల్లో ఏ స్త్రీకీ లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను." చెప్పి, ట్రేలోంచి కప్పు తీసుకుంటూ, "పంచదార సరిపోలేదోయ్ ఇందాక" అన్నాడు నాతో.

అందరూ వెళ్ళాక వంటింట్లోకి వచ్చాడు. నేను కప్పులు కడుగుతున్నాను.

"ఆ నగరం నాది" అన్నాను.

"ఏ నగరం?"

"దాహపురం. నేను కట్టింది."

శశిభూషణ్ నవ్వాడు. పెద్దగా కూడా కాదు. చిన్నపిల్ల మాట విని మురిసినట్టు, ముక్కుతో. ఆ నవ్వుకి నా ఒంట్లో ఇన్నాళ్ళుగా ఉన్నదంతా నోట్లోకి వచ్చేసింది. "నా నోటుబుక్కులో ఉండేది. ఫెబా అందులోంచి ఎత్తి రాసుకుంది. ఆ నవల నాది."

అన్న మరుక్షణమే ఆ చివరి మాట వెనక్కి తీసుకుని ఉండొచ్చు. తీసుకోలేదు.

ఆయన నవ్వు ఆగింది. కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు నా కోసం కాదని అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఆయన వ్యాస సంపుటి వచ్చి రెండేళ్ళయింది. ఏ పేపరూ నాలుగు వాక్యాలు రాయలేదు. ఫెబాకి అరపేజీ.

"నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు, గంట క్రితం మెచ్చుకున్న మనిషే. "వాళ్ళకి ఇలాంటివి ఎక్కడ తడతాయి! నేను చూసుకుంటాను. నువ్వు ఊరుకో."

'వాళ్ళకి' అంటే ఎవరికో నాకు తెలుసు. ఫెబా అమ్మ ఎలీసమ్మ పత్తి తీతకీ మిరప కోతకీ వెళ్ళే మనిషి. ఆ కూలితోనే ఫెబాని చదివించింది. సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాకు కోడిగుడ్డు వండి పెట్టాలా వద్దా అని ఆవిడ తటపటాయించడం, ఫెబా "అది తింటుందిలే అమ్మా" అని నవ్వడం నాకు గుర్తే. ఆయన మాటకి నేను జవాబు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ సమయంలో ఆ మాట నాకు పనికొచ్చింది.

మర్నాడు ఆయన చెబుతుంటే ఫేస్‌బుక్ పోస్టు నేనే టైపు చేశాను. "నా అర్ధాంగి కామేశ్వరి విద్యార్థి దశలో సృష్టించిన మహానగరాన్ని..." అని మొదలుపెట్టి రెండు పేజీలు సాగింది. మధ్యలో ఒక వాక్యం: "పత్తిచేలలో పెరిగిన వారికి నగర నిర్మాణం మీద ఇంతటి అవగాహన ఎలా అబ్బిందో విజ్ఞులే ఆలోచించాలి." ఫోనులో 'అవగాహణ' అని పడితే నేను 'న' చేసి దిద్దాను. ఆ వాక్యంలో నేను దిద్దింది అదొక్కటే.

మూడు రోజుల్లో మూడొందల కామెంట్లు. "అమ్మగారికి న్యాయం జరగాలి" అని ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాశారు. ఫెబాని తిట్టినవాళ్ళ మాటలు ఇక్కడ రాయలేను. ఒంగోలులో ఒక పాఠకుల సంఘం ఆ నవలకి బహుమతి ప్రకటించి ఉంది. ఇప్పుడు దాన్ని ఆపి, చర్చాసభ పెడతామన్నారు. ఫెబా, నేనూ ఇద్దరం వచ్చి మాట్లాడాలట. మా అత్తగారు పక్కింటివాళ్ళకి "మా కోడలు రాసిన నవలే" అని చెప్పుకున్నారు. ఆవిడ నా గురించి గొప్పగా చెప్పుకోవడం అదే మొదలు. నాకు అది రుచించింది కూడా. నిజం చెప్పుకోవాలి కదా.

ఈ హడావిడిలో మా మనోజ్ఞ, ఇంటర్ చదువుతోంది, నవల మొత్తం చదివింది. ఒక సాయంత్రం పుస్తకం పట్టుకుని మంచం మీద నా పక్కన చేరింది.

"అమ్మా, ఇందులో నువ్వు రాసింది ఏది? చూపించవా?"

పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాను. ఏడు చుట్ల గోడలు, గాజు కప్పు, చలి, మీట నొక్కితే వచ్చే పళ్ళెం. అన్నీ కలిపితే రెండు పేజీలు. మిగిలిన మూడొందల పేజీల్లో నాది ఒక్క మాట లేదు. మార్త నాది కాదు. బీడు నాది కాదు. పాత మిల్లుల్లో కాపురాలు నా ఊహకి అందేవే కావు.

"ఇదిగో, ఈ నగరం" అన్నాను.

"మరి ఆ తుడిచేవాళ్ళు?"

"తర్వాత చెబుతాలే, పొయ్యి మీద కూర ఉంది" అని లేచాను. పొయ్యి మీద ఏమీ లేదు. అది మనోజ్ఞకీ తెలుసు.

సభకి ముందు బుధవారం, స్కూల్లో భోజనాల వేళ, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"కామీ, ఫెబానే."

ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాను.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదులే. పుస్తకం రాగానే నీకు పంపాలని నీ అడ్రస్ కోసం ఎంతమందిని అడిగానో. ముందుమాటలో నీ పేరు వేద్దామనుకున్నా. మీ ఇంట్లో ఏమనుకుంటారోనని ఆగాను. వేసుంటే బాగుండేది. అది నా తప్పే, ఒప్పుకుంటా."

"ఫెబా..."

"నన్ను చెప్పనియ్యి. ఇద్దరు మగపిల్లలు నాకు. మా ఆయన లారీ మీద వెళ్తే పదిహేను రోజులకొస్తాడు. మా అత్తమ్మకి పక్షవాతం, అన్నీ మంచం మీదే. పొద్దున నాలుగు నుంచి ఐదు దాకా, ఆరేళ్ళు రాశానే దాన్ని. ఎక్కడ తీరిక ఉందని నీ నోటుబుక్కు దొంగిలించను? సరే, ఒక్క మాట అడుగుతా, చెప్పు. ట్యాంకర్ దగ్గర కూర్చుని నువ్వు నీ గాజు కప్పు గురించి చెప్తా ఉంటే, 'ఆ అద్దాలు ఎవరు తుడుస్తారే?' అని అడిగింది ఎవరు?"

అడిగింది ఫెబానే. నాకు పూర్తిగా గుర్తుంది. ఆ ప్రశ్నకి అప్పుడు నేను విసుక్కున్నాను కూడా. "ఎవరో ఒకరు తుడుస్తారులే, కథ పాడుచెయ్యకు" అన్నాను. ఆ ఎవరో ఒకరు ఎక్కడి నుంచి వస్తారు, పొద్దువాలితే ఎక్కడికి పోతారు అని ఆమె ఆ రోజు నుంచీ ఆలోచిస్తూనే ఉంది. నవలంతా అదే. పందొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో తుడుస్తున్నదాన్ని, ఆ ప్రశ్న నాకు ఒక్కసారి తట్టలేదు.

"గుర్తొచ్చిందా?" అంది ఫెబా. "మా అమ్మకి చదువు రాదని నీకు తెలుసుగా. చర్చిలో ఎవరో మీ ఆయన రాసింది చదివి వినిపించారంట. ఇంటికొచ్చి, 'ఆ పాపది నువ్వు తీసుకున్నావా అమ్మా, తీసుకుంటే ఇచ్చెయ్' అంది. దొంగవా అనలేదు చూడు. ఇచ్చెయ్ అంది. అంతే, ఉంటాను."

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాను.

ఆదివారం ఒంగోలుకి కారులో బయల్దేరాం. శశిభూషణ్ నా ప్రసంగం తనే రాసి, ప్రింటు తీయించి తెచ్చాడు. చిలకలూరిపేట దాటాక చదివి వినిపించమన్నాడు. రోడ్డుకి అటూ ఇటూ కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు తలమీద తువ్వాళ్ళు కప్పుకుని రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్నారు.

"నేను నిజంగా ఎంత రాశానో మీరు ఒక్కసారి కూడా అడగలేదు" అన్నాను.

"అదిప్పుడు అప్రస్తుతం" అన్నాడు. "ఇంతదూరం వచ్చాక మనం నెగ్గాలి. రెండో పేరా దగ్గర కొంచెం గొంతు తగ్గించు, కన్నీళ్ళొస్తే ఆపుకోకు."

హాలు నిండిపోయింది. మొదటి వరసలో ఫెబా, ఆమె పక్కన ఎలీసమ్మ. ఆవిడ బాగా సన్నబడింది. ఉతికిన తెల్లచీర కట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకొచ్చిన పిల్లలా కూర్చుంది. నన్ను చూసి అలవాటుకొద్దీ లేవబోయింది. ఫెబా చెయ్యిపట్టి కూర్చోబెట్టింది.

ముందు నన్నే పిలిచారు. మైకు దగ్గరికి వెళ్ళి కాగితాలు విప్పాను. మొదటి వాక్యం, "సాహితీ మిత్రులారా, దోపిడీకి గురైన ఒక స్త్రీ హృదయం..." కాగితాలు మడిచి మైకు పక్కన పెట్టేశాను.

"దాహపురం అనే పేరు నేను పెట్టాను. ఏడు గోడలూ గాజు కప్పూ కూడా నేను అనుకున్నవే. అవి రెండు పేజీలు. ఆ అద్దాలు ఎవరు తుడుస్తారని అడిగింది ఫెబా. నవల ఆ ప్రశ్నలోంచి పుట్టింది. నోటుబుక్కులోంచి ఎత్తి రాసుకుందని నేను మా ఆయనతో చెప్పింది అబద్ధం. పత్తిచేలలో పెరిగిన వాళ్ళకి ఇది ఎలా తెలుసని రాసిన వాక్యం నేనే టైపు చేశాను. అది అబద్ధం కంటే పెద్ద తప్పు."

హాల్లో గుసగుసలు లేచాయి. శశిభూషణ్ లేచి నిలబడ్డాడు. "కామేశ్వరీ, నీకు ఒంట్లో బాగాలేదు, వచ్చెయ్."

"బాగానే ఉందండీ" అన్నాను. మైకులో ఆ మాట హాలంతా వినిపించింది. "ఈ పుస్తకం నాది కాదు. నాదైతే బాగుండునని మాత్రం నాకు చాలా ఉంది. ఇప్పటికీ ఉంది. ఎలీసమ్మగారూ, మీ అమ్మాయి ఎవరిదీ తీసుకోలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాల్సిన పనీ కాదు. దిగి వచ్చి వెనక వరసలో కూర్చున్నాను. ఎలీసమ్మ మాత్రం చీర కొంగుతో కళ్ళు అద్దుకుని కూతురి భుజం మీద తల ఆనించింది.

సభ అయ్యాక పుస్తకాల బల్ల దగ్గర ఒక కాపీ కొన్నాను. సంతకాల వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఫెబా తలెత్తి చూసి, పేరు కూడా అడక్కుండా 'కామేశ్వరికి' అని రాసి కింద సంతకం పెట్టింది.

"స్నేహితురాలికి అని రాయలేదు" అంది. "ఇప్పుడు రాయలేను."

"నేను రాయమనలేదుగా."

పుస్తకం నా చేతికిస్తూ ఒక్క క్షణం ఆపింది. "చీకటి ముసురుకుంటున్న ఆ పదకొండు రోజులు నగరం లోపల ఏం జరిగిందో నేను రాయలేదు, గమనించావా? చాలామంది అడిగారు. నాకు తెలీదే. నేనెప్పుడూ లోపల లేను. నువ్వున్నావుగా."

వెనక ఉన్నాయన పుస్తకం ముందుకి చాచాడు. నేను పక్కకి జరిగాను.

బయట శశిభూషణ్ కారు తలుపు తెరిచిపట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం మాడిపోయి ఉంది. "ఎక్కు. రెండు జిల్లాల ముందు నా పరువు తీశావు. మూడు గంటలు ప్రయాణం ఉంది, అన్నీ మాట్లాడదాం."

"మీరు వెళ్ళండి. నేను బస్సులో వస్తాను."

"అమ్మకి సాయంత్రం జావ ఎవరు కాస్తారు?"

"గిన్నె కింద అరలో ఉంటుంది, రాగిపిండి పైన. ఒకటికి ఆరు నీళ్ళు. రేపట్నుంచి పొద్దున పూట కూడా నన్ను లేపకండి. లేచే ఉంటాను కానీ రాసుకుంటూ ఉంటాను."

"రాస్తావా?" ఆయన ముక్కుతో అదే నవ్వు నవ్వాడు. "ఇంత జరిగాక, ఏం రాస్తావు నువ్వు?"

"ఫెబా రాసినదానికంటే బాగా రాస్తాను" అని బస్టాండు వైపు నడిచాను.